ఆడపిల్ల ఒంటి బరువు, ఆడపిల్ల నెత్తిన నింద

ఇంటర్మీడియట్ చదివే అమ్మాయికి వరసగా రెండు మూడు నెలలు ముట్టు రాకపోతే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. మొదట అనుమానం. ఎవరితో మాట్లాడుతోంది, ఎక్కడికి వెళ్తోంది అని ఆరా. ఆ అనుమానం తీరాక భయం. తర్వాత ఇరుగుపొరుగుకి తెలియకుండా పక్క ఊళ్ళో డాక్టరు దగ్గరికి ప్రయాణం. స్కానింగు. ‘అండాశయంలో నీటి బుడగలున్నాయి’ అన్న మాట. ‘తిండి తగ్గించి బరువు తగ్గు’ అన్న మందలింపు. చివరికి పెద్దవాళ్ళ నోటి నుంచి, కొన్నిసార్లు డాక్టర్ల నోటి నుంచి కూడా, ‘పెళ్ళి చేసెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి’ అన్న తీర్పు.

ఈ మొత్తం వ్యవహారంలో ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. ఆమె అడిగిన ప్రశ్నలకు జవాబూ చెప్పరు. నా ఒంట్లో ఏం జరుగుతోంది? ఎందుకు జరుగుతోంది? ఈ మాత్రలు దేనికి? వీటికి జవాబు తెలుసుకోవడం ఆమె హక్కు. మన సంఘాల్లో వరకట్నం గురించి, గృహహింస గురించి, బాల్యవివాహాల గురించి మాట్లాడినంతగా ఈ విషయం మాట్లాడుకోవడం లేదు. ఇది ‘డాక్టర్లు చూసుకునే విషయం’ అని పక్కన పెట్టేస్తున్నాం. కానీ దీని మూలాల్లోకి వెళ్తే, మనం రోజూ పోట్లాడే విషయాలే అక్కడ కూడా కనిపిస్తాయి.

ఈ సమస్యకు వైద్యులు పెట్టిన పేరు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. అందరూ పి.సి.ఓ.ఎస్. అంటున్నారు. 1935లో చికాగోకు చెందిన స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలు గమనించి రాశారు. అప్పట్లో అరుదైన జబ్బనుకున్నారు. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంది. వాళ్ళలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టు తెలియనివాళ్ళే. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలు 460 మందిని పరీక్షిస్తే, నూటికి తొమ్మిది మందిలో ఇది ఉన్నట్టు తేలింది. అది ఒక్క కాలేజీ లెక్క. దాన్ని రాష్ట్రమంతటికీ అంటగట్టలేం. కానీ అరవై మంది కూర్చునే తరగతి గదిలో ఐదుగురు ఇలాంటి బాధతో, ఎవరికీ చెప్పుకోకుండా కూర్చుని ఉండవచ్చని ఊహించుకోవడానికి ఆ లెక్క చాలు.

ఒంట్లో జరిగేదేమిటి?

ముందు ‘నీటి బుడగలు’ అన్న మాట సంగతి చూద్దాం. అవి గడ్డలు కావు, కోసి తీసెయ్యవలసినవి అంతకన్నా కావు. అండాశయంలో ప్రతి నెలా కొన్ని అండాలు తమ చిన్న సంచుల్లో ఎదగడం మొదలుపెడతాయి. మామూలుగా వాటిలో ఒకటి పూర్తిగా పెరిగి విడుదలవుతుంది. పి.సి.ఓ.ఎస్.లో ఆ ఎదుగుదల మధ్యలో ఆగిపోతుంది. సగం ఎదిగి ఆగిన ఆ సంచులే స్కానింగులో పూసల దండలాగా కనిపిస్తాయి. అండం విడుదల కాకపోవడం వల్ల ముట్టు ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు నెలల తరబడి రాదు.

ఎదుగుదల ఎందుకు ఆగిపోతుంది? మగవాళ్ళ హార్మోన్లు అని మనం పిలిచే ఆండ్రోజెన్లు ఆడవాళ్ళ శరీరంలోనూ కొద్దిగా తయారవుతాయి. అది సహజం. అవి ఎక్కువైనప్పుడే చిక్కు. గడ్డం మీద, పైపెదవి మీద వెంట్రుకలు రావడం, మొటిమలు మానకపోవడం, తల మీద జుట్టు పలచబడడం, అండం ఎదగకపోవడం, ఇవన్నీ దాని ఫలితాలు. ఆండ్రోజెన్లను పెంచే వాటిలో ముఖ్యమైనది ఇన్సులిన్. మనం తిన్న అన్నంలోని చక్కెరను కండరాలకు అందించే హార్మోను ఇది. కొందరి శరీరాలు దాని మాట సరిగా వినవు. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. ఎక్కువైన ఆ ఇన్సులిన్ అండాశయం చేత ఎక్కువ ఆండ్రోజెన్లు తయారుచేయిస్తుంది. ఆండ్రోజెన్లను పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా కూడా చేస్తుంది. ఒంట్లో, ముఖ్యంగా పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినకొద్దీ ఇన్సులిన్ పని ఇంకా కష్టమవుతుంది. ఆ కొవ్వు మళ్ళీ హార్మోన్లను పాడుచేస్తుంది. ఇదొక విషవలయం.

ఇందులో వంశపారంపర్యం కూడా ఉంది. తల్లికో, అక్కకో ఉంటే అమ్మాయికి వచ్చే అవకాశం ఎక్కువ. సన్నగా ఉన్న అమ్మాయిలకూ ఇది వస్తుంది. ‘లావు వల్ల వచ్చే జబ్బు’ అని ఒక్క మాటలో తేల్చెయ్యడం అందుకే తప్పు. అయితే బరువు దీన్ని పెంచుతుంది, ముందుగా బయటపెడుతుంది. ఆ బరువు ఎప్పుడు, ఎలా వస్తుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

కథ పద్నాలుగో ఏట మొదలవదు

మన దగ్గర అమ్మాయి పెద్దమనిషయ్యాక లావెక్కితే ‘నోరు కట్టుకోలేదు’ అంటారు. కానీ గత రెండు మూడు దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నది వేరు. శరీరంలో కొవ్వు, ఇన్సులిన్‌ల లెక్క అమ్మాయి తన చేత్తో తాను తినడం మొదలుపెట్టక ముందే రాసుకుపోతోంది.

పుణె దగ్గర పల్లెల్లో 1993లో మొదలైన అధ్యయనంలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడ పుట్టిన పిల్లల్ని ఇంగ్లండులో పుట్టిన పిల్లలతో పోల్చి చూసింది. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్ళ పిల్లలు 3.5 కిలోలు. మనవాళ్ళు ఎంతో చిన్నగా ఉన్నా, తగ్గింది కండ, లోపలి అవయవాలు. చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడడానికి సన్నం, లోపల కొవ్వు. తల్లి కడుపులో సరిపడా పోషణ దొరకని బిడ్డ, ఉన్నదాన్ని కొవ్వుగా దాచుకుని బతకడం నేర్చుకుని బయటికి వస్తుంది.

ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. 26 నుంచి 32 ఏళ్ళ వయసులో దాదాపు 1,500 మందిని పరీక్షించారు. చక్కెర జబ్బు, లేదా దానికి ముందు దశ వచ్చినవాళ్ళు చిన్నప్పుడు లావుగా ఉన్నవాళ్ళు కారు. రెండేళ్ళ లోపు సన్నగా ఉండి, ఆ తర్వాత తోటిపిల్లల కంటే ముందుగా, వేగంగా బరువు పెరుగుతూ వచ్చినవాళ్ళు.

పిల్లల పెరుగుదలలో ఒక మలుపు ఉంటుంది. మొదటి ఏడాది బొద్దుగా అవుతారు. నడక, పరుగు వచ్చాక సన్నబడతారు. ఐదారేళ్ళ వయసులో మళ్ళీ కాస్త ఒళ్ళు చేయడం మొదలవుతుంది. ఈ మలుపు ముందే వచ్చేసిన పిల్లలకు పెద్దయ్యాక లావయ్యే అవకాశం ఎక్కువ. ఉత్తర ఫిన్లండులో 1966లో పుట్టిన ఆడపిల్లల్ని నడి వయసు దాకా గమనించినవాళ్ళు 2019లో ఇంకో మాట చెప్పారు. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలలో ఈ మలుపు చిన్నప్పుడు మిగతావాళ్ళకంటే ముందే వచ్చింది. బార్సిలోనాలో లూర్దెస్ ఇబాన్యెస్ బృందం పనిలోనూ ఇలాంటిదే కనిపించింది. తక్కువ బరువుతో పుట్టి, తర్వాత గబగబా బరువు పెరిగిన ఆడపిల్లలలో ఇన్సులిన్ చిక్కులు, ముందే రజస్వల కావడం, ఆ తర్వాత ఆండ్రోజెన్లు ఎక్కువ కావడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఇవన్నీ కలిపి చదివితే మనకు అర్థమయ్యేదేమిటి? పదహారేళ్ళ అమ్మాయి మొహం మీద వచ్చే మొటిమ వెనక పదిహేడేళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఆమె తల్లి తిన్న తిండి, తినని తిండి కూడా ఉన్నాయి.

ఇప్పుడు తల్లుల్ని ముద్దాయిల్ని చెయ్యకండి

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ‘కడుపులోంచే మొదలవుతుంది’ అనగానే నేరమంతా తల్లి మీద వేసే అలవాటు మన సమాజానికి ఉంది. ‘నువ్వు సరిగా తినలేదు’, ‘నువ్వు పిల్లకి అతిగా పెట్టావు’, రెండు మాటలూ ఆమెకే. అమ్మాయిని తిట్టడం మానేసి అమ్మని తిట్టడం మొదలుపెడితే అది శాస్త్రం కాదు, పాత పితృస్వామ్యానికి కొత్త పలుకుబడి.

తల్లి ఎందుకు సరిగా తినలేదు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 18 ఏళ్ళు నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. తన ఒళ్ళే పూర్తిగా ఎదగని పిల్ల ఇంకో ఒంటిని మోస్తోంది. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆనవాయితీ ఎక్కడికీ పోలేదు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో, రక్తం తక్కువ, బరువు ఎక్కువ. ఇందులో వింతేమీ లేదు. పళ్ళెం నిండా తెల్లన్నం, దాని మీద చారో పచ్చడో. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు అందరికీ అందవు. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు.

పిల్లకి మొదటి ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వాలని అందరం చెబుతాం. మంచిదే. కానీ పొలం పనికి, ఇళ్ళల్లో పనికి, భవన నిర్మాణం పనికి వెళ్ళే తల్లికి ఆ ఆరు నెలల సెలవు ఎవరిస్తున్నారు? 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన చట్టం జీతం చీటీ ఉన్నవాళ్ళకే పనికొచ్చింది. సీసా పాలు, పాలపొడి డబ్బాల ప్రచారాన్ని అదుపు చేస్తూ 1992లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి తెలిసిన తల్లులెందరు? బొద్దుగా ఉన్న పిల్లే ఆరోగ్యంగా ఉన్న పిల్ల అని నూరిపోసింది ఎవరు? అంగన్‌వాడీ గుడ్డు కంటే ఐదు రూపాయల బిస్కెట్ల ప్యాకెట్ తేలిగ్గా దొరికే పరిస్థితి తల్లి తెచ్చింది కాదు.

మన దగ్గరే జరిగిన ఒక ప్రయోగం ఉంది. మన కార్యకర్తలందరూ దాన్ని గుర్తు పెట్టుకోవాలి. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు దగ్గర 29 గ్రామాల్లో ఒక పరిశీలన మొదలుపెట్టింది. అందులో 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు ఐ.సి.డి.ఎస్. ద్వారా మొక్కజొన్న-సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. మిగతా 14 గ్రామాలకు ఆ కార్యక్రమం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక, 2003-05లో మళ్ళీ వెళ్ళి పరీక్షించారు. తిండి అందిన గ్రామాల పిల్లలు కాస్త పొడుగయ్యారు, ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. వాళ్ళ శరీరాలు ఇన్సులిన్ మాటను మెరుగ్గా విన్నాయి. ఇన్సులిన్ నిరోధం సుమారు 20 శాతం తక్కువగా ఉంది.

దీని అర్థం ఏమిటి? ఆడపిల్లల్లో ఈ జబ్బు తగ్గాలంటే తిండి తగ్గించడం దారి కాదు. కడుపులో ఉన్నప్పుడు, మొదటి రెండేళ్ళలో మంచి తిండి దొరకాలి. ఆ తర్వాత వచ్చే అనవసరపు బరువుకు అడ్డుకట్ట పడాలి. అంగన్‌వాడీ కేంద్రాన్ని కాపాడుకోవడం అంటే ఆకలిని ఆపడం మాత్రమే కాదు, పదిహేనేళ్ళ తర్వాత వచ్చే చక్కెర జబ్బును, హార్మోన్ల జబ్బును ఆపడం కూడా. అంగన్‌వాడీ కార్యకర్త జీతం కోసం చేసే సమ్మె మన ఆడపిల్లల అండాశయాలకు సంబంధం లేని విషయం కాదు.

ఆట ఎవరు ఆపారు?

ఆరేళ్ళ తర్వాత కథ బడిలో నడుస్తుంది. పదేళ్ళ వరకు వీధిలో పరుగెత్తిన పిల్లను పెద్దమనిషయిన మర్నాటి నుంచి ఇంట్లో కూర్చోబెడతాం. ఫంక్షను చేసి, పట్టుచీర కట్టి, ఫోటోలు తీసి, ఆ రోజుతో సైకిలు మానిపిస్తాం. అన్న క్రికెట్ బ్యాటు పట్టుకుని వెళ్తుంటే చెల్లెలు అంట్లు తోముతుంది. తర్వాత ఇంటర్మీడియట్. మన రెండు రాష్ట్రాల కార్పొరేట్ కాలేజీల సంగతి చెప్పనక్కర్లేదు. అపార్టుమెంటు లాంటి భవనం, ఆటస్థలం లేదు, తెల్లవారుజామున లేస్తే రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. నిద్ర సగం, కదలిక సున్న, హాస్టల్లో అన్నం, నీళ్ళ సాంబారు, సాయంత్రం వేయించిన పిండివంటలు, మధ్యలో చిప్స్, కూల్‌డ్రింకు. పరీక్షల భయం సరేసరి. రెండేళ్ళు ఇలా పెంచి, ‘ఎందుకు లావెక్కావు?’ అని ఆ పిల్లనే నిలదీస్తాం.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలో గానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ బడిపిల్లలకు అమ్మకూడదు. మీ ఊళ్ళో ఏ బడి దగ్గరైనా నిలబడి 50 మీటర్లు కొలిచి చూడండి. నిబంధన కాగితం మీద, ప్యాకెట్ల తోరణాలు గేటు మీద.

స్కానింగు సెంటరు రాజ్యం

జబ్బును గుర్తించకపోవడం ఒక అన్యాయం. లేని జబ్బును అంటగట్టడం ఇంకో అన్యాయం. మన అమ్మాయిలకు రెండూ జరుగుతున్నాయి.

పి.సి.ఓ.ఎస్. మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు 2018లో వచ్చాయి, 2023లో వాటిని సవరించారు. అవి చెప్పిన సంగతులు ప్రతి కార్యకర్తకూ తెలియాలి. రజస్వల అయిన మొదటి ఏడాది ముట్టు క్రమం తప్పడం సహజం. ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య, 21 రోజుల లోపో 45 రోజులు దాటో వస్తుంటే గమనించాలి. మూడేళ్ళు దాటాక 21 రోజుల లోపో 35 రోజులు దాటో వస్తుంటే తేడా ఉన్నట్టు. మొదటి ఏడాది దాటాక ఏ ఒక్కసారైనా 90 రోజులకు మించి రాకపోతే చూపించుకోవాలి. 15 ఏళ్ళు నిండినా అసలు రజస్వల కాకపోతే తప్పకుండా చూపించుకోవాలి.

ఇక అసలు మాట. టీనేజీ అమ్మాయికి ఈ జబ్బు ఉందని చెప్పాలంటే రెండూ ఉండాలి. ముట్టు తేడా ఉండాలి, ఆండ్రోజెన్లు ఎక్కువైన గుర్తులు ఒంటి మీదో రక్తపరీక్షలోనో కనిపించాలి. స్కానింగు ఆధారంగా చెప్పకూడదు. ఎందుకంటే ఆ వయసులో ఏ జబ్బూ లేని చాలా మంది అమ్మాయిల అండాశయాల్లోనూ చిన్న సంచులు ఎక్కువగానే కనిపిస్తాయి. రజస్వల అయి ఎనిమిదేళ్ళు నిండేదాకా స్కానింగుతో నిర్ధారణ చెయ్యవద్దని 2018లోనే స్పష్టంగా చెప్పారు. ఒక లక్షణం మాత్రమే ఉన్న అమ్మాయికి జబ్బు ముద్ర వెయ్యకుండా, ‘అవకాశం ఉంది, మళ్ళీ చూద్దాం’ అని చెప్పాలి. థైరాయిడ్ లాంటి ఇతర కారణాలు లేవని ముందు చూసుకోవాలి. మన ఊళ్ళల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. మొదట స్కానింగు, చివర మాట.

మందుల సంగతీ అంతే. ముట్టు క్రమంగా రావడానికి ఎక్కువగా ఇచ్చేవి సంతాన నిరోధక మాత్రలే. సరిగ్గా వాడితే అవి మంచి మందే. ముట్టు నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమై ముందు ముందు ముప్పు తెచ్చే అవకాశం ఉంది కాబట్టి వాటి అవసరం కూడా ఉంది. కానీ అవి ఏమిటో అమ్మాయికీ, తల్లికీ చెప్పకుండా చీటీ రాసి పంపుతారు. మందుల షాపులోనో ఇంట్లోనో ఎవరో అట్ట చూసి ‘ఇవి పెళ్ళయినవాళ్ళు వేసుకునేవి కదా’ అంటారు. ఆ రోజు ఆ ఇంట్లో జరిగే గొడవ డాక్టరుకు తెలియదు. మాత్రలు చెత్తబుట్టలోకి పోతాయి. మెట్‌ఫార్మిన్ ఇస్తే ‘మా పిల్లకి షుగరొచ్చింది’ అని ఇల్లంతా ఏడుపు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే ఇదేమీ ఉండదు.

స్త్రీల శరీరాల్లోకి వెళ్ళే హార్మోన్ల గురించి స్త్రీలకు చెప్పి తీరాలన్న పోరాటం మనకు కొత్త కాదు. నెట్-ఎన్ ఇంజెక్షన్ల ప్రయోగాలను ప్రశ్నిస్తూ 1986లోనే హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సమాచారం తెలుసుకుని ఇచ్చే సమ్మతి అన్న మాటను మన ఉద్యమం అప్పుడే గట్టిగా పలికింది. చిన్న వయసులోనే గర్భసంచులు తీసెయ్యడంలో మన రెండు రాష్ట్రాలు దేశంలోనే ముందు వరసలో ఉన్నాయని జాతీయ సర్వేలు చూపిస్తూనే ఉన్నాయి. పదహారేళ్ళ వయసులో తన ఒంటి గురించి ఏమీ తెలియనివ్వని పిల్ల, ముప్పైఅయిదేళ్ళ వయసులో ‘తీసెయ్యమంటారా?’ అని డాక్టరు అడిగితే ఏం చెబుతుంది?

పెళ్ళి మందు కాదు

‘పెళ్ళయితే సర్దుకుంటుంది’ అన్నది వైద్యం కాదు, వదిలించుకోవడం. పెళ్ళికీ ఇన్సులిన్‌కూ ఏ సంబంధమూ లేదు. పైగా ఒక పక్క పెళ్ళి చెయ్యమంటూనే, ఇంకో పక్క ‘ఈ పిల్లకి పిల్లలు పుట్టరట’ అని సంబంధం చెడగొడతారు. అది కూడా అబద్ధమే. ఈ సమస్య ఉన్న స్త్రీలలో చాలామందికి మామూలుగానే గర్భం వస్తుంది. కొందరికి ఆలస్యమవుతుంది, అండం విడుదలకు మాత్రలు అవసరమవుతాయి. ‘నీకు రాదులే’ అన్న ధైర్యంతో ఉన్న అమ్మాయికి అనుకోని గర్భం వచ్చే ప్రమాదం కూడా ఉంది.

అమ్మాయిని మాతృత్వపు తక్కెడలో తూచడం వల్ల అసలు ముప్పులు కనపడకుండా పోతున్నాయి. పి.సి.ఓ.ఎస్. ఉన్నవాళ్ళకు చక్కెర జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. కొన్నేళ్ళకొకసారి ఆ పరీక్ష తప్పనిసరి. గర్భం వచ్చినప్పుడు బి.పి., షుగరు జాగ్రత్తగా చూసుకోవాలి. దిగులు, ఆందోళన వీళ్ళలో ఎక్కువ. మొహం మీద వెంట్రుకల కోసం కాలేజీ మానేసే పిల్లలు, చున్నీతో గడ్డం కప్పుకుని తిరిగే పిల్లలు మన మధ్యే ఉన్నారు. వాళ్ళ దిగులు గురించి అడిగి తెలుసుకోమని 2023 మార్గదర్శకాలు డాక్టర్లకు చెబుతున్నాయి. బరువు పేరుతో రోగిని అవమానించడం కూడా హాని చేస్తుందని అవే చెబుతున్నాయి. ఒళ్ళు కదిలించడం, సమయానికి నిద్ర, సమతుల ఆహారం బరువు తగ్గినా తగ్గకపోయినా మేలు చేస్తాయి. ‘ముందు పది కిలోలు తగ్గి రా, అప్పుడు చూస్తా’ అనడం వైద్యం కాదు. ఆ మాట విని వచ్చిన పిల్ల ఒకపూట పస్తుంటుంది, లేదా టీవీలో చూసిన పొడి కొనుక్కుంటుంది.

మనం అడగవలసినవి, మనం చెయ్యవలసినవి

ఒకటి. గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు అందే తిండి విషయంలో రాజీ లేదు. అన్నంతో పాటు పప్పు, గుడ్డు, ఆకుకూర ఉండాలి. చౌక దుకాణంలో బియ్యంతో పాటు పప్పులు, చిరుధాన్యాలు ఇవ్వాలి. పిల్లల బరువే కాక ఎత్తు కూడా కొలిచి, రెండేళ్ళ తర్వాత బరువు ఎలా పెరుగుతోందో అంగన్‌వాడీలో గమనించాలి.

రెండు. ప్రతి బడిలో, ప్రతి జూనియర్ కాలేజీలో, ప్రైవేటు వాటితో సహా, ఆటస్థలం, ఆట పీరియడు, ఆడపిల్లలకు అందులో సమాన వాటా ఉండాలి. ఇవి లేని కాలేజీకి గుర్తింపు ఎలా వచ్చిందని అడగాలి. 50 మీటర్ల నిబంధన అమలును మన సంఘాలే కొలిచి, ఫిర్యాదు చెయ్యాలి.

మూడు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార ఆరోగ్య క్లినిక్కులు ఉండాలి. మీ మండలంలో అది ఎక్కడుందో, ఏ రోజు తెరుస్తారో, లోపల ఎవరుంటారో వెళ్ళి చూడండి. ఐరన్ మాత్రలు, నాప్కిన్లు పంచడంతో ఆగకుండా, ముట్టు తేడాల గురించి అడిగే మనిషి, వినే మనిషి అక్కడ ఉండాలి. రక్తపరీక్షలు, మందులు ఉచితంగా దొరకాలి. అమ్మాయితో ఒంటరిగా, గుట్టుగా మాట్లాడే వీలుండాలి.

నాలుగు. స్కానింగు చూసి టీనేజీ అమ్మాయికి ముద్ర వెయ్యడాన్ని ప్రశ్నించాలి. రాసిన మందేమిటి, ఎన్నాళ్ళు, ఎందుకు అన్నది అమ్మాయికి తెలుగులో చెప్పాలని పట్టుబట్టాలి.

ఐదు. మన సంఘాల సమావేశాల్లో తల్లులనూ కూతుళ్ళనూ కలిపి కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడాలి. ఒక గోడ క్యాలెండరు మీద ముట్టు తేదీలు గుర్తు పెట్టుకోవడం ప్రతి అమ్మాయికీ నేర్పాలి. సిగ్గు పడవలసిందేమీ అందులో లేదని ముందు మనం నమ్మాలి.

ఆడపిల్ల ఒంటి మీద చేరిన బరువులో పేదరికం ఉంది, బాల్యవివాహం ఉంది, మార్కెట్ ఉంది, చదువుల వ్యాపారం ఉంది, ఆటను లాగేసుకున్న కట్టుబాటు ఉంది. ఆ బరువంతా ఒక్కర్తినీ మోసి తగ్గించుకోమని ఆమెకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఎవరెవరు దాన్ని ఆమె మీద పెట్టారో లెక్క తీసి, వాళ్ళ చేత దింపించడం మన ఉద్యమాల పని.